పెదవులు కదిలిన చోట నేను పెట్టిన మాట

ఈ మధ్య మా ఆదిలాబాద్ నుంచీ, కరీంనగర్ నుంచీ కొందరు పిల్లలు డబ్బింగ్ పనికి పోతున్నామని వచ్చి నన్ను కలుస్తున్నారు. మైకు ముందు ఎలా నిలబడాలి, గొంతు పట్టేస్తే ఏం తాగాలి అని అడుగుతారు. అవన్నీ స్టూడియోలో ఎవరో ఒకరు నేర్పుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు. విదేశీ సినిమాకు హిందీ మాటలు రాయడమంటే, చూసేవాడి కళ్ళకూ చెవులకూ మధ్య పోయి కూర్చోవడం. ఆ చోట నేను బొంబాయిలో చాలాకాలం కూర్చున్నాను. కొందరికి దారి చూపించాను. కొందరికి అడ్డం కూర్చున్నాను. అడ్డం కూర్చున్న సంగతే ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే దారి చూపించిన సంగతి మీకు మెచ్చుకునేవాళ్ళు చెప్తారు.

హిందీకి అంటిన పత్తి

మా బాపు ఆదిలాబాద్‌లో గింజ తీసి పత్తి వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. ఇంట్లో తెలుగు, మిల్లుకు వచ్చే వ్యాపారులతో మరాఠీ, బజార్లో మేము హిందీ అనుకునే దక్కనీ. మూడు భాషలు వచ్చు కదా అన్న ధైర్యంతో బొంబాయి పోయాను. ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో మాటల కాగితాలకు శుభ్రమైన ప్రతులు రాసే పని దొరికింది. దేశ్‌పాండే గారని అక్కడ డబ్బింగ్ డైరెక్టర్. నేను నోరు విప్పితే చాలు నవ్వేవారు.

"నీ హిందీకి పత్తి అంటుకుంది శంకర్. దులుపుకుని రా" అనేవారు.

దులుపుకున్నాను. రేడియో వార్తలు విని, ఉత్తరాది నటుల వెంటపడి పలుకు నేర్చుకున్నాను. మాటలు రాసే స్థాయికి వచ్చాక ఒక విదేశీ హాస్య చిత్రం వచ్చింది. అందులో ఒక పశువుల కాపరి ఉన్నాడు. "వీడికి మీ ఊరి హిందీ పెట్టు" అన్నారు దేశ్‌పాండే గారు. పెట్టాను. వద్దుకు నక్కో, అవునుకు హౌ, ఎందుకుకు కైకు అంటూ వాడు మాట్లాడుతుంటే స్టూడియో అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నా చేతికొచ్చిన ప్రతి తాగుబోతుకూ, ప్రతి కాపలావాడికీ, తెలివి తక్కువవాడికీ మా బజారు మాటే ఇచ్చాను. అసలు సినిమాలో ఆ కాపరి మిగతా అందరిలాగే మాట్లాడాడు. సిగ్గరి మనిషి. వాడి కథ కొంచెం విషాదం కూడా. హిందీలో చూసినవాళ్ళకు ఆ సంగతి తెలిసే దారి నేను ఉంచలేదు.

ఒకసారి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు మా వాడకట్టు పిల్లలు టీవీలో వాణ్ణి చూసి పడీపడీ నవ్వుతున్నారు. వాళ్ళు మాట్లాడేదీ అదే హిందీ. "గీ మాటలు మన శంకరన్న రాసిండు" అని ఎవరో చెప్తే నేను ఛాతీ విరుచుకున్నాను. ఆ పిల్లలు ఎవరిని చూసి నవ్వుతున్నారో నాకప్పుడు తట్టలేదు.

తూ, తుమ్, ఆప్

మా చేతికి వచ్చేది చాలాసార్లు ఒక ఇంగ్లీషు ప్రతి. ఆ సినిమా ఏ దేశానిదైనా ముందు ఇంగ్లీషులోకి దిగి, అక్కడి నుంచి మా దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషులో మొగుడికీ, కుక్కకూ, దేవుడికీ ఒకటే పిలుపు. హిందీలో మూడున్నాయి: చనువుకూ చిన్నచూపుకూ తూ, సాటివాళ్ళకు తుమ్, మర్యాదకు ఆప్. ఎవరు ఎవరిని తూ అనాలి, ఎవరిని ఆప్ అనాలి అన్నది రాసేవాడే తేల్చాలి. చూసేవాళ్ళు దీన్ని అనువాదం అనుకుంటారు. నిజానికి అది తీర్పు.

నేను రాసిన సినిమాల్లో భార్యలందరూ మొగుళ్ళను ఆప్ అన్నారు. మొగుళ్ళందరూ భార్యలను తుమ్ అన్నారు. ఒక సినిమాలో భార్యాభర్తలిద్దరూ ఒకే ఆస్పత్రిలో డాక్టర్లు. ఆమె అతని పైఅధికారి. ఆపరేషన్ గదిలో అతణ్ణి గద్దిస్తుంది. నేను రాసిన హిందీలో ఆమె గద్దింపు కూడా మీరు అనే మర్యాదలో తడిసి, బతిమాలినట్టు వినిపించింది. ఎవరూ తప్పు పట్టలేదు. మన ఇళ్ళలో వినిపించేట్టే ఉంది కదా! ఈ పనిలో అసలు ప్రమాదం అదే. వింతగా వినిపించే తప్పును ఎవరో ఒకరు దిద్దుతారు. అలవాటుకు సరిపోయే తప్పు జీవితాంతం బతుకుతుంది.

డబ్బింగ్ అంటేనే మోసం అనే చదువుకున్నవాళ్ళతో నేను ఒప్పుకోను. మా అవ్వకు చదువు రాదు. కింద అక్షరాలు పడే సినిమా ఆమెకు గోడతో సమానం. హిందీ చేస్తేనే ఆమె ఆ దూరదేశపు మనుషుల కళ్ళలోకి చూసింది. అక్షరాలు చదివేవాడు ముఖాన్ని సగమే చూస్తాడు. వినేవాడు మొత్తం చూస్తాడు. కానీ ఆ ముఖం మీద పడే గొంతు ఆ ముఖానిది కాదు. మాటకు ముందు తీసే ఊపిరి కూడా ఆ మనిషిది కాదు, గాజు గదిలో నిలబడ్డ మరొకరిది. ముఖం భయపడుతుంటే గొంతు ధైర్యంగా ఉండవచ్చు. చూసేవాడు గొంతునే నమ్ముతాడు.

ఖాళీ అంటే భయం

నటుడు వీపు తిప్పితే మాకు పండుగ. పెదవులు కనబడవు కాబట్టి ఏ మాటైనా పెట్టొచ్చు. అసలు సినిమాలో ఒక మనిషి ఊరకే కిటికీ వైపు నడిస్తే, మా హిందీలో "ఇప్పుడు నేనేం చెయ్యాలి" అని గొణుక్కుంటూ నడుస్తాడు. టీవీ చానళ్ళ వాళ్ళకు నిశ్శబ్దమంటే భయం. చప్పుడు ఆగితే ఇంట్లోవాళ్ళు రిమోట్ నొక్కుతారని వాళ్ళ నమ్మకం. నేను ఆ భయానికి మంచి పనివాణ్ణి అయ్యాను. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఒక వాక్యం పోసేవాణ్ణి. దేశ్‌పాండే గారు ఒక్కసారి మాత్రం, "వాడు ఆలోచిస్తున్నాడయ్యా, ఆలోచించుకోనివ్వు" అన్నారు. నేను వినలేదు. అప్పటికి ఆయన ముసలివారు, నేను చానళ్ళకు కావలసినవాణ్ణి.

ఆయన తప్పుకున్న తర్వాత డైరెక్టరు కుర్చీ నాకొచ్చింది. ఆ కుర్చీలో ఉండగా చేసిన ఒక సినిమా గురించి ఇక రాస్తాను.

రేవులో ముసలాయన

చలిదేశం సినిమా. ఒక ముసలాయన నదిలో మనుషులను దాటించే పడవ నడుపుతాడు. ఎప్పుడో కూతుర్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. ఆమె చాలా ఏళ్ళకు వస్తుంది, కొన్నాళ్ళుంటుంది. ఇద్దరూ ఆ పాత సంగతి ఎత్తరు. చివర ఆమె వెళ్ళిపోతుంటే ఆయన రేవులో నిలబడి చూస్తాడు. ఆమె వెనక్కి తిరుగుతుంది. ఆయన పెదవులు కదులుతాయి. గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. సినిమా అయిపోతుంది.

ఇంగ్లీషు ప్రతిలో అక్కడ "పెదవులు కదులుతాయి, మాట వినబడదు" అని మాత్రమే ఉంది. చానల్ తరఫున వచ్చినాయన ముఖం ముడుచుకున్నాడు. సౌండ్ పోయిందని ఫోన్లు వస్తాయి, ఏదైనా పెట్టండి అన్నాడు.

ఆ బొమ్మను వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. ముందు రెండు పెదవులూ కలుస్తున్నాయి. తర్వాత కింది పెదవి పంటికి తగులుతోంది. మా పనిలో ఇది పెద్ద ఆధారం. పెదవులు కలిస్తే మ, ప, బ లాంటి అక్షరం కావాలి. పెదవి పంటికి తగిలితే ఫ. నాకు వెంటనే తోచిన మాట, మాఫ్. దాని వెనక రెండు చిన్న అక్షరాలకు చోటుంది. "మాఫ్ కియా" అని రాశాను. క్షమించాను అని.

కూతురి పాత్రకు గొంతు ఇస్తున్న సులభ అనే అమ్మాయి గాజు గదిలోంచి అడిగింది. "సర్, మాఫ్ వో క్యోఁ కరేగా? ఘర్ సే తో ఉసీనే నికాలా థా." వెళ్ళగొట్టింది ఆయనే కదా, ఆయన క్షమించడమేంటి అని.

"అయితే ఏమనాలి?"

"మాఫ్ కర్ అనొచ్చు కదా. నన్ను క్షమించు అని. పెదవులకు అదీ సరిపోతుంది."

సరిపోతుంది. నాకూ తెలుసు. కానీ తెల్లగడ్డం తండ్రి కూతురి ముందు క్షమించమని అడగడం నా నోటికి రాలేదు. మా బాపు ఎవరినీ అడగలేదు. మా వాడకట్టులో ఏ తండ్రీ, ఏ అన్నా అడగగా నేను చూడలేదు. పెద్దవాడు చిన్నవాణ్ణి మన్నిస్తాడు, అంతే. "మన దగ్గర అలా అనరమ్మా" అన్నాను. "ఇది మన దగ్గరి కథ కాదు కదా సర్" అన్నది. నవ్వి, ఇక రికార్డింగ్ మొదలన్నట్టు మైకు బటన్ నొక్కాను. పైగా ముసలాయనకు నేను ఎంచిన గొంతు గంభీరమైనది, పెద్ద మనుషుల పంచాయితీలో వినబడే గొంతు. ఆ గొంతులో మాఫ్ కియా అన్న మాట గంట కొట్టినట్టు మోగింది. చానల్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

అసలు సినిమా చూసినవాడు ఇంటికి పోయాక కూడా ఆ ముసలాయన ఏమని ఉంటాడా అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. హిందీలో చూసినవాడికి ఆ బాధ లేదు. ఏమన్నాడో నేను చెప్పేశాను. ఎవరిది తప్పో కూడా అందులోనే చెప్పేశాను.

రాజమల్లు సంతోషం

రిటైరై ఆదిలాబాద్ వచ్చాక, నా చిన్ననాటి దోస్తు రాజమల్లు రోజూ మా ఇంటికి వచ్చేవాడు. జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేసి మానేశాడు. అతని తమ్ముడు ఓదెలు మందమర్రిలో బొగ్గు బాయి కార్మికుడు. వాళ్ళ బాపు ఆదిలాబాద్‌లో చనిపోయినప్పుడు ఓదెలు మందమర్రి నుంచి బయలుదేరాడు. అతను వచ్చేలోపే రాజమల్లు దహనం కానిచ్చాడు. ఓదెలుకు బూడిదే మిగిలింది. నలుగురిలో అన్నను నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలుసు. తర్వాత ఎలా కలిశారన్నది నాకు రాజమల్లే చెప్పాడు.

"ఒక పిక్చర్ జూసిన్రా శంకర్. మిల్లు బందున్న దినం, పగటీలి. నదిల పడవ నడిపెటాయన ఉంటడు, ముసలోడు. ఆఖరికి ఏమంటడో ఎరికేనా? మాఫ్ కియా అంటడు. గంతే! నా పానం ఎట్లనో అయిందిరా. ఆయనంతటాయన బిడ్డను మాఫ్ చేసిండు, నేను నా తమ్మున్ని చెయ్యనా అనుకున్న. తెల్లారి బస్సెక్కి మందమర్రి పోయిన. వాని ముంగట నిలబడి, తమ్మీ, నువ్వు తిట్టినయన్ని మర్సిపోయిన, నిన్ను మాఫ్ చేసిన అన్న. వాడు ఒక్క మాట మాట్లాడలే. చాయ్ పోసిండు."

ఆ మాట రాసింది నేనే అని చెప్పాను. ఎందుకు చెప్పానంటే గర్వం. రాజమల్లు కుర్చీలోంచి లేచి నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"మా అన్నదమ్ములను కలిపింది నువ్వారా! నడువ్, వానికి చూపెట్టాలె నిన్ను."

ఇంకో కారణం కూడా ఉంది. ఓదెలు రిటైర్ కాబోతున్నాడు, బాయి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. రాజమల్లు తన ఇంటి వెనక రెండు గదులు వేయించి తమ్ముణ్ణి రమ్మని ఎప్పటి నుంచో పిలుస్తున్నాడు. ఓదెలు రానని అనడు, వస్తాననీ అనడు. "నీ మాట ఇంటడు, నువ్వు చెప్పు" అని నన్ను తీసుకుపోయాడు. చివరి రోజులు తమ్ముడి పక్కన గడపాలన్నదొక్కటే రాజమల్లుకు మిగిలిన కోరిక. ఇద్దరికీ వయసు మీద పడుతోంది.

మందమర్రిలో చాయ్

ఓదెలు ఇంట్లో రాజమల్లు ఒక్కడే మాట్లాడాడు. పిక్చర్ కథ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఓదెలు తల ఊపుతూ విన్నాడు. ఓదెలు భార్య తెచ్చిన చాయ్ తాగి, రాజమల్లు పాత దోస్తును చూసివస్తానని వీధిలోకి పోయాడు. అప్పుడు ఓదెలు నా వైపు తిరిగాడు.

"గా మాట నువ్వే రాసినవానే అన్నా?"

"నేనే."

"మస్తు రాసినవ్." వీధి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "జర నాకు సమజ్ జెయ్యి. మాఫ్ ఎవలు చెయ్యాలె? తప్పు జేసినోడా, పడ్డోడా?"

నేను కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాను.

"బాపు మొఖం సూడనియ్యలే నన్ను. తిట్టిన. అవు, నలుగుట్ల తిట్టిన, కాదంటలేను. గాయన ఇన్నేండ్లకు వచ్చి, నిన్ను మాఫ్ చేసిన అన్నడు. ఇంటికొచ్చిన అన్నను ఎల్లగొడ్తనా? చాయ్ పోసిన. గాయన కలిసిపోయినం అనుకుంటుండు. నేను ఏం కలిసిన్నే? గా రెండర్రలల్ల ఉంటే దినాం పొద్దుగాల లేచి, మాఫ్ అయినోని లెక్క ఉండాలె. నాతోని గాదు."

"ఈ మాట ఆయనకు చెప్పరాదా?"

"నువ్వే జెప్పు. గాయన నోట్లె మాట పెట్టినోనివి నువ్వే గదా."

అది ఎత్తిపొడుపో నిజంగా అడగడమో నాకిప్పటికీ తెలియదు. తిరుగు బస్సులో రాజమల్లు ఉత్సాహంగా ఉన్నాడు. "సూసినవా, తమ్ముడు ఎంత నిమ్మలంగ ఉన్నడో" అన్నాడు. ఆ రోజే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఓదెలు క్వార్టర్ ఖాళీ చేసి మందమర్రిలోనే కిరాయి ఇల్లు చూస్తున్నాడని తెలిసి, రాజమల్లు పరేషాన్ అయ్యి తిండి మానేసే దాకా నాన్చాను.

అసలు గొంతు

ఇప్పుడు ఫోన్లో ఒక్క మీట నొక్కితే సినిమా భాష మారుతుంది. నేను పనిచేసిన రోజుల్లో ఈ సౌకర్యం ఉండి ఉంటే, ఎవరో ఒకరు పోల్చి చూస్తారని భయపడి ఇంకొంచెం జాగ్రత్తగా రాసేవాణ్ణేమో. ఒక మధ్యాహ్నం రాజమల్లు ఇంట్లో ఆ సినిమా అసలు భాషలో పెట్టాను.

"గిదేం బాస రా? ముక్క సమజైతలేదు" అని నవ్వాడు. కథ తెలుసు కాబట్టి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ముందుకు వంగాడు.

"గీయన గొంతేంది, గింత సన్నగుంది?"

"అదే ఆయన గొంతు. నువ్వు విన్నది మేం పెట్టింది."

ఆ నటుడిది నిజంగానే సన్నని, వణికే గొంతు. కూతురు గదిలోకి వస్తే మాట తడబడుతుంది. హిందీలో మేము ఆ తడబాటు తీసేశాం, శుభ్రంగా ఉండాలని. రాజమల్లు చూస్తూ చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "బిడ్డను సూసి భయపడుతుండు రా."

రేవు దృశ్యం వచ్చింది. పెదవులు కదిలాయి. గాలి హోరు.

"సౌండ్ పోయింది" అన్నాడు.

"పోలేదు. అక్కడ మాట లేదు."

"లేదంటే? మాఫ్ కియా అన్నడు గదా."

"ఆయన అనలేదు. నేను అనిపించిన. పెదవులు కలిసినయని గా మాట పెట్టిన. మాఫ్ కర్ అని కూడా పెట్టొచ్చు రాజమల్లు. స్టూడియోల ఒక అమ్మాయి చెప్పింది కూడా, తప్పు ముసలాయనదే గదా అని. నాకు మనసొప్పలే."

అతను నా వైపు చూడలేదు. తెర వైపే చూస్తున్నాడు. అందులో ఇప్పుడు పేర్లు పోతున్నాయి.

"ఓదెలు ఏమన్నడు నీతోని?"

చెప్పాను. ఒక్క మాట దాచకుండా, అతను అన్నట్టే చెప్పాను.

"నన్ను ఉల్లు జేసినవ్ గదరా" అన్నాడు. గొంతు పెంచలేదు. "నలుగుట్ల జెప్పుకున్న. పెద్ద మనసు చేసిన అని జెప్పుకున్న. పో. ఇంటికి పో నువ్వు."

వచ్చేశాను. ఆ తర్వాత చాలా రోజులు అతను మా గుమ్మం తొక్కలేదు. బజార్లో కనబడితే అటు తిరిగి పోయేవాడు. ఆ అన్నదమ్ములకు ఉన్న కొంచెం మాటను కూడా తెంచానేమో అనుకున్నాను.

పిల్లలకు ఇక్కడ ఒక మాట. మనం రాసిన వాక్యం తెర మీద అయిపోతుందని అనుకోకండి. ఎవరో దాన్ని మూటకట్టుకుని బస్సెక్కుతారు. అర్థం కాని చోట అర్థం కాలేదని ఉంచడానికి భయపడకండి. పాత్రకు గొంతు ఎంచేటప్పుడు ఆ నటుడి సొంత గొంతు కళ్ళు మూసుకుని వినండి. మీ ఊళ్ళో అలా అనరు అనిపించిన మాట దగ్గర తప్పకుండా ఆగండి. అలా అనిపించిందంటే ఆ చోట సినిమా మీకు కొత్తదేదో చెప్తున్నట్టు. మీ పక్కన నిలబడి సందేహం చెప్పే సులభ లాంటి మనిషి ఉంటే, మైకు బటన్ నొక్కేముందు ఆమెను ఇంకోసారి అడగండి.

కొరివి

ఒక పొద్దున రాజమల్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ఉన్నాడు.

"మందమర్రి పోదాం, వస్తవా? ఒక్కన్ని పోలేను."

ఓదెలు ఇంట్లో మంచం మీద కూర్చోమంటే రాజమల్లు కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు.

"ఓదెలూ, నీకొకటి జెప్పలే నేను. బాపు నిన్ను పెట్టుమన్నడు రా కొరివి."

ఓదెలు చేతిలోని గిలాస కింద పెట్టాడు. తండ్రికి పెద్ద కొడుకు కొరివి పెట్టడం మా వైపు పద్ధతి. పెద్దవాడు ఎదురుగా ఉండగా చిన్నవాణ్ణి పెట్టమనడం పెద్దవాడి ముఖం మీద కొట్టినట్టే.

"పెద్దోన్ని నేనుండంగ చిన్నోడు పెడితే నలుగురు ఏమంటరని... నువ్వు బస్సెక్కినవని ఎరికే నాకు. మ్యానత్త ఆగుమన్నది. నేనే ఆగలే. నువ్వు రాకముందే కానియ్యాలని జల్ది జేసిన."

"బాపు గట్లన్నడా?" అన్నాడు ఓదెలు. ఆగలేదన్న మాట అతను విన్నట్టే లేదు.

"అన్నడు."

"ఎప్పుడు? ఏమన్నడు? అన్నది అన్నట్టు జెప్పు."

"పోయేముందు దినం. 'చిన్నోన్ని రానియ్యి, వాడు పెడ్తడు' అన్నడు."

"మల్ల జెప్పు."

రాజమల్లు మళ్ళీ చెప్పాడు. ఓదెలు తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా లేచి తిట్టడం మొదలుపెట్టాడు. ఇక్కడ రాయదగిన తిట్లు కావు. పక్క ఇంటివాళ్ళు బయటికి వచ్చారు. భార్య అతని చెయ్యి పట్టి లాగింది. "గిన్నేండ్లు నీ కడుపుల పెట్టుకొని, పైంగ నన్ను మాఫ్ చేస్తివా!" అని అరిచాడు. రాజమల్లు తల వంచుకుని నిలబడి మొత్తం విన్నాడు. ఎదురు చెప్పలేదు, క్షమించమనీ అడగలేదు. ఓదెలు అలసి కూలబడ్డాక, "నేను పోతున్న తమ్మీ" అని మాత్రం అన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

బస్సులో నేను, "చెప్పి మంచి పని చేసినవ్" అన్నాను.

"ఊకో రా. ఇగ నువ్వేం జెప్పకు" అన్నాడు.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య వచ్చింది. ఆ రోజు పోయిన పెద్దల పేరున బియ్యం, కూరగాయలు పళ్ళెంలో పెట్టి పురోహితుడికి, మా మాటలో అయ్యగారికి, ఇస్తారు. వాళ్ళ బాపు పేరున ఏటా రాజమల్లే ఇచ్చేవాడు. ఆ ఏడు నన్ను కూడా రమ్మన్నాడు. అయ్యగారు వచ్చి కూర్చున్న తర్వాత గేటు చప్పుడైంది. ఓదెలు. పిలిచారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. ఎవరినీ పలకరించకుండా కాళ్ళు కడుక్కుని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

"ఎవరిస్తున్నరు?" అన్నాడు అయ్యగారు.

రాజమల్లు పళ్ళెం ఎత్తి తమ్ముడి చేతుల్లో పెట్టి, వెనక్కి జరిగాడు.

ఓదెలు ఇచ్చాడు. బాపు పేరు చెప్పమంటే గట్టిగా చెప్పాడు. అన్నాలైన తర్వాత చెయ్యి తుడుచుకుంటూ వెనక వైపు పోయి ఆ రెండు గదుల్లోకి తొంగిచూశాడు. రాజమల్లు దూరం నుంచే చూస్తున్నాడు.

"గీ అర్రకు కిటికీ లేదేందే?"

"పెట్టియ్యలే."

"ఉక్కపోస్తది. బాయిల ఉండివచ్చినోన్ని, మల్ల చీకట్లనే పెడ్తవా?"

"పెట్టిస్త."

"పెట్టియ్యి. సూద్దాం" అని చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాడు.

మర్నాడు పొద్దున నేను పాలకు పోతుంటే రాజమల్లు ఇంటి వెనక ఆ గది గోడ మీద సుత్తె దెబ్బలు వినబడ్డాయి. మేస్త్రీ ఇంకా రాలేదట. అతనే కొడుతున్నాడు.